మందు అనే మాట

సదాశివరావుకు ఏదైనా మాట వినగానే దానికి ఇంకో అర్థం చెప్పే అలవాటు ఉంది. అది ఎవరినీ నొప్పించని అలవాటు. ఆయన అలాగే అనుకునేవాడు.

బాపట్లలో డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి ఢిల్లీ వచ్చాడు. అప్పటి నుంచి ఆర్.కె. పురంలోనే ఉన్నాడు. క్వార్టర్లు మారాయి, ఆఫీసులో పై అధికారులు మారారు, పని మారలేదు. ఆయనది డాక్ సెక్షన్. వచ్చిన ఉత్తరాలూ పార్సిళ్లూ తీసుకుని, ముద్ర వేసి, ఎవరివి వాళ్లకు పంచే చోటు. ప్రమోషన్లు వచ్చాయి కాబట్టి కుర్చీకి చేతులు మొలిచాయి. కిటికీ మాత్రం మొదటి రోజు చూసినదే. దాని అవతల వేపచెట్టు, దాని కింద సమోసాల బండి.

ఆఫీసులో అంతా హిందీ. ఇంట్లో భార్య కాంతమ్మ తెలుగే మాట్లాడుతుంది, కానీ అర్థాలు అడగదు. కూతురు ప్రణతికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఒకసారి అన్నం దగ్గర, చారు అంటే రసం ఒక్కటే కాదు, అందమైనదని కూడా అర్థం ఉందని మొదలుపెట్టాడు.

"పాపా, ప్లీజ్, ఖానే దో" అంది ప్రణతి, తిననివ్వమని.

"అందమైన చారు చల్లారిపోతోంది, కానివ్వండి" అంది కాంతమ్మ.

ఆయనా నవ్వాడు. కానీ ఇన్నేళ్లలో ఆఫీసులో ఒక్క మనిషి కూడా, రావ్ సాబ్, మీ భాషలో దీన్నేమంటారు అని అడగలేదు. అది ఆయన ఎవరితోనూ అనలేదు. అనదగ్గ బాధ కాదు.

మూడో అంతస్తులో అకౌంట్స్‌కు మైథిలి బదిలీ మీద వచ్చినప్పుడు, ఇంటిపేరు చూసి పైకి వెళ్లాడు.

"ఏ ఊరమ్మా మనది?"

"పార్వతీపురం సైడ్, అంకుల్. అభీ థోడా కామ్ హై" అంది, స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా.

తెలుగు సంఘం వాళ్ల వనభోజనాలకు పిలిచాడు, రాలేదు. లిఫ్టులో తెలుగులో పలకరిస్తే "జీ అంకుల్" అని ఫోనులోకి చూసుకునేది. "తెలుగు మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయనుకుంటుంది కాబోలు" అన్నాడు కాంతమ్మతో. కాంతమ్మ బీరకాయ చెక్కు తీస్తూ, "ఆ పిల్లకి ఏం బాధలున్నాయో" అంది. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

అది జనవరి. రిపబ్లిక్ డే ఉన్న ఆ నెలలో ఢిల్లీలో ప్రతి గేటు దగ్గరా తనిఖీలు పెరుగుతాయి. సెక్యూరిటీ చూసే దహియా సైన్యంలో చేసి వచ్చిన హర్యానా మనిషి. ఏటా డాక్ సెక్షన్‌ను కూర్చోబెట్టి పాఠం చెబుతాడు. అనుమానం వచ్చిన పార్సిల్‌ను ఊపొద్దు, వాసన చూడొద్దు, విప్పొద్దు. ఉన్నచోటే వదిలేయండి. గదిలోంచి అందరూ బయటికి రండి, తలుపు మూయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, నాకు చెప్పండి.

"కానీ అన్నిటికన్నా ముందు, ఎవరి పేరున వచ్చిందో వాళ్లను అడగండి. పార్సిల్ రావలసి ఉందా అని ఒక్క మాట. సగం బాంబులు అక్కడే ఆవకాయ అయిపోతాయి" అనేవాడు, సదాశివరావు వైపు చూసి కన్ను గీటి. ఆవకాయ అనే మాట దహియాకు వచ్చు. ఆ మాట రావ్ సాబ్ నేర్పింది కాదు, హోటల్లో నేర్చుకున్నాడు.

ఆ సోమవారం పోస్ట్‌మన్ తెచ్చిన కట్టలో ఒక చిన్న పార్సిల్ ఉంది. పాత గుడ్డతో చుట్టి, సూదితో కుట్టి, పైన గోధుమరంగు టేపు అడ్డదిడ్డంగా వేశారు. పంపినవాళ్ల పేరు లేదు. మైథిలి పేరు ఇంగ్లీషులో తప్పుగా రాసి ఉంది. ఒక మూల కుట్టు ఊడి, బూడిదరంగు పొడి సదాశివరావు వేలికి అంటింది. ఇంగ్లీషు కింద, వణికే చేత్తో రాసిన తెలుగు.

మందు. జాగర్త. నువ్వే విప్పు. ఎవ్వరికీ చూపించకు.

ఆయనకు తెలిసింది. ఆ గుడ్డ, ఆ కుట్టు, ఆ అక్షరాలు చూడగానే తెలిసింది. అది ఏదో ఊరి నాటుమందు. ఆ తరువాత తనకు తాను ఎన్ని విధాలుగా చెప్పుకున్నా, ఆ క్షణాన తెలియలేదని మాత్రం చెప్పుకోలేకపోయాడు.

పార్సిల్‌ను బల్ల మీద పెట్టాడు. ఇంటర్‌కామ్ మీద చెయ్యి వేశాడు. మూడో అంతస్తుకు చేస్తే సరిపోయేది. కిందటి వారం లిఫ్టులో ఆమె "జీ అంకుల్" అన్నది గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాడు. ఈ మహాతల్లికి ఫోన్లెందుకు, రూలు ప్రకారం పోదాం అనుకున్నాడు. రూలు ప్రకారం మొదట ఆమెనే అడగాలి.

మిగిలినదంతా తు.చ. తప్పకుండా చేశాడు. గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలను బయటికి పంపాడు. పొడిని గాలి ఎగరగొట్టకుండా హీటరు ఆపాడు. తలుపు దగ్గరగా వేశాడు. చేతులు కడుక్కున్నాడు. దహియాను పిలిచాడు.

దహియా తలుపు దగ్గర నుంచే ఫోనుతో ఫోటో తీసి, వరండాలోకి వచ్చి పెద్దది చేసి చూపించాడు. అప్పటికే పక్క సెక్షన్ల వాళ్లు మూగారు.

"రావ్ సాబ్, యే ఆప్ కీ భాషా హై నా? క్యా లిఖా హై?"

చుట్టూ చప్పుడు తగ్గింది. అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. సదాశివరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. చదివాడు. జాగర్త అంటే ఏమిటో చెప్పాడు. నువ్వే విప్పు, ఎవరికీ చూపించకు అన్నదీ చెప్పాడు.

"పైన ఒక మాట ఉందే?"

"మందు. దవాయీ."

"సిర్ఫ్ దవాయీ?"

అక్కడ ఆగిపోవచ్చు. అవునయ్యా అంటే అయిపోయేది. కానీ ఆ సిర్ఫ్ దగ్గర, ఒట్టి అన్న ఆ మాట దగ్గర ఆయన ఆగలేకపోయాడు. ఒక మాటకు ఒకే అర్థం ఉంటుందని ఎవరైనా అనుకోవడం ఆయనకు సహించదు.

"షరాబ్‌ను కూడా మందే అంటాం" అన్నాడు.

గుంపు ఘొల్లుమంది. "వాహ్ రావ్ సాబ్! దవా భీ మందు, దారూ భీ మందు!" అన్నారెవరో. ఆ నవ్వు చలిలో టీలా ఒంట్లోకి దిగింది.

"అంతేనా? పొలంలో పురుగులను చంపేదీ మందే. ఫిరంగిలో కూరేదీ మందే."

"ఫిరంగిలో అంటే? బారూద్?"

"హాఁ జీ. బారూద్."

ఎవరో, "మరి మీ ఊళ్లో డాక్టరు దగ్గరికెళ్లి ఏమడుగుతారు, రావ్ సాబ్?" అన్నారు. కానీ ఈసారి నవ్వు రాలేదు. దహియా అప్పటికే పక్కకు తిరిగి ఫోను చెవికి పెట్టుకున్నాడు. బారూద్ అన్న మాట ఆ ఫోనులోకి వెళ్లడం సదాశివరావు విన్నాడు. వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచాడు. ఏమని తీసుకోవాలి? చెప్పిందంతా నిజమే.

బిల్డింగు ఖాళీ చేశారు. ఎదుటి లాన్‌లో పల్చటి ఎండలో జనం శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. పోలీసు వ్యానులు వచ్చాయి. పార్సిల్ మీద పేరు అప్పటికే నోటా నోటా పాకింది. మైథిలి చుట్టూ ఉన్నవాళ్లు మెల్లగా నాలుగడుగులు దూరం జరిగారు.

ఆమె నేరుగా సదాశివరావు దగ్గరికి వచ్చింది.

"సదాశివరావు గారూ, అది మా అమ్మ పంపిందండీ. మందు అని రాసే ఉంటుంది కదా?"

తెలుగు. ఆయన తల ఊపాడు.

"మీరు చదివారా?"

"చదివానమ్మా."

"మందని చెప్పారా?"

"చెప్పాను."

ఇదీ నిజమే.

ఆమె గొంతు తగ్గించింది. "బాబాయ్, మా ఆయనకు తెలియకూడదు. ఇంటికొస్తే ఆయన కంట్లో పడుతుందనే ఇక్కడికి తెప్పించుకున్నాను. ఆయన బాగా తాగుతారు. తెలుగువాళ్లతో కలిస్తే మాటలో మాట వస్తుందని ఎవరితోనూ కలవను. వీళ్లు ఏమైనా అడిగితే మీరు కాస్త చూసుకోండి."

"చూసుకుంటానమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి మైథిలిని అడిగాడు. ఎవరు పంపారు? ఎందుకు? ఎవరికీ చూపించవద్దని ఎందుకు రాశారు? ఆమె దవాయీ అంది. ఏ జబ్బుకు అంటే, తనకే అంది. ఏ జబ్బు అంటే శాలువా సర్దుకుంది. వాళ్ల అమ్మకు ఫోను కలపమన్నాడు. స్పీకరు పెట్టమన్నాడు. అవతల ముసలామెకు హిందీ రాదు. ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు.

"ఇందాక భాష చెప్పినాయన ఎక్కడ?"

సదాశివరావును ముందుకు తోశారు. ఫోను ఆయన నోటి దగ్గర పెట్టారు. తన ఆఫీసు వాళ్లు సగం మంది ఆ చుట్టూరా ఉన్నారు.

"అమ్మా, మీరు పంపిన పార్సిల్‌లో ఏముందో చెప్పండి. పోలీసులు అడుగుతున్నారు."

"పోలీసులేటి బాబూ? మా పిల్లకేటైంది?"

"ఏం కాలేదమ్మా. ఏముందో చెప్పండి చాలు."

"మందు బాబూ. మందు మాన్పించే మందు. అల్లుడికి తెలీకుండా కూరలో కలపమని పంపినాను. కొండ మీద ముసిలోడు నూరి ఇచ్చినాడు. తప్పేటి బాబూ?"

"క్యా బోలీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మైథిలి ఆయనను చూస్తోంది.

ఒంటినొప్పులకు అనవచ్చు. ఆడవాళ్ల సమస్య అంటే ఇంకెవరూ అడగరు. కానీ, గంట కిందట ఒక మాటకు ఇన్ని అర్థాలు చెప్పినవాడివి, ఇప్పుడింత చిన్న జవాబేమిటని అడిగితే? ఎదుట ఉన్న ఖాకీ వైపు ఒకసారి చూశాడు.

"షరాబ్ ఛుడానే కీ దవా. పతి కే లియే" అన్నాడు. ఆగకుండా, "పతి కో పతా నహీఁ హై" అని కూడా అన్నాడు.

భర్తకు తెలియదన్న ఆ చివరి మాట ఎవరూ అడగలేదు.

తరువాత ఎక్కడో వెనక నుంచి ఒక గొంతు: "మందు కా మందు!" మైథిలి ఫోను తీసుకుని "తరవాత చేస్తానమ్మా" అని ఆపేసింది. ఆమె ఏడవలేదు. ఆయన ఏడుస్తుందేమోనని చూశాడు. ఏడ్చి ఉంటే కొంత తేలికగా ఉండేది.

పొడిని పరీక్షకు పంపారు. తిరిగి రాదన్నారు. ఇకమీదట సొంత పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకోకూడదని పెద్ద ఆఫీసరు ఆర్డరు వేశాడు. డాక్ సెక్షన్‌కు టీ పార్టీ ఇచ్చి, రావ్ సాబ్ అప్రమత్తత అందరికీ ఆదర్శం అన్నాడు. చప్పట్లు కొట్టారు. సదాశివరావు ప్లేటులో బర్ఫీ అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆఫీసంతా ఒక తెలుగు మాట నేర్చుకుంది. లిఫ్టులో, క్యాంటీన్లో, గేటు దగ్గర. ఉచ్చారణ కూడా బాగానే కుదిరింది. మైథిలికి మందు మేడమ్ అని పేరు పెట్టారు.

కాంతమ్మకు సగమే చెప్పాడు. ఆమె విని, "ముందు ఆ పిల్లకి ఫోను చెయ్యకపోయారా?" అంది.

"రూలు ఉంటుంది కదా."

"ఫోను చెయ్యడమే మొదటి రూలని మీరే కదా చెప్పారు. దహియా ఆవకాయ జోకు వేశాడని నవ్వారు కూడా."

ఆయన లేచి చేయి కడుక్కున్నాడు.

ఒక వారం గడిచాక, భోజనాల వేళ, డాక్ సెక్షన్ తలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, సాకేత్‌లోని ఏదో కంపెనీ తాలూకు కార్డు మెడలో.

"నమస్తే అంకుల్. నేను నవదీప్‌ని, మైథిలి హజ్బెండ్‌ని."

కూర్చోమన్నాడు. దగ్గరికి రాగానే ఏలకుల వాసన. ఏలకుల కింద ఇంకో వాసన. మధ్యాహ్నం వేళ.

"మైథిలి లంచ్ బాక్స్ మర్చిపోతే ఇద్దామని వచ్చా. గేటు దగ్గర పేరు చెప్తే, అచ్ఛా, మందు మేడమ్, అని నవ్వాడండీ గార్డు. ఏంటని అడిగితే డాక్ వాలే రావ్ సాబ్‌ని అడగమన్నాడు." అతని నవ్వు పెదవుల దగ్గరే ఆగింది. "పార్సిల్ గొడవ అయిందని తను చెప్పింది. పొరపాటున ఎవరిదో వచ్చిందంది. ఇంతకీ అందులో ఏముంది అంకుల్?"

సదాశివరావు బల్ల మీది ముద్రను తీసి మళ్లీ అక్కడే పెట్టాడు.

"మందు బాబూ."

"ఎవరికి?"

"నాకు."

చెప్పేశాక మిగిలిన మాటలు దొరికాయి. "మోకాళ్ల నొప్పులు. మీ అత్తగారి వైపు మంచి నాటుమందు దొరుకుతుందని విని, మీ ఆవిడను నేనే అడిగాను. ఆవిడ పేరున వచ్చింది. పొరపాటు అంతా నాది. ఆ అమ్మాయిని ఊరికే నలుగురిలో పెట్టాను."

నవదీప్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మరి పోలీసుల్ని పిలిచింది మీరేనట?"

"నేనే. గుర్తుపట్టలేకపోయాను."

"మీ మందుకి మీరే బాంబు స్క్వాడ్‌ని పిలిపించుకున్నారా!" అతను బల్ల మీద చరిచి నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అంకుల్, మీరు గొప్పోళ్లండీ బాబూ! నడవగలుగుతున్నారా అసలు? మా ఫ్రెండు ఒకడున్నాడు, మంచి ఆర్థో, నంబరిస్తా."

నంబరు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు అతని వేళ్లు వణికాయి. పెన్ను రెండుసార్లు జారింది. సదాశివరావు ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. కూరలో కలపవలసిన పొడి ఏదో పరీక్షల గదిలో, ఒక సీసాలో ఉంది.

సాయంత్రం మైథిలి కిందికి వచ్చింది. కూర్చోలేదు.

"ఏం చెప్పారు మా ఆయనకి?"

చెప్పాడు. ఆమె విన్నది.

"నవ్వుకుంటూ వచ్చి బాక్సు ఇచ్చారు. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది" అంది.

"నమ్మాడా?"

"ఇవాళ్టికి నమ్మారు. గేటు దగ్గర మళ్లీ ఎవరేమంటారో."

"అమ్మా, మళ్లీ తెప్పించుకో. మా క్వార్టరు అడ్రసు ఇస్తాను. మా ఆవిడకు కూడా చెప్పను."

"మళ్లీ తెప్పించాలంటే అమ్మతో మాట్లాడాలి. పోలీసుల మాట విన్నప్పటి నుంచి ఫోనెత్తగానే, పక్కన ఎవరున్నారు అని అడుగుతోంది. ఎవరూ లేరన్నా నమ్మదు. ఆరోగ్యం గురించి రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తోంది."

సదాశివరావు లేచి నిలబడ్డాడు. "అది నాటుమందేనని నాకు తెలుసమ్మా. చూడగానే తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. తెలుగువాళ్లు కదా" అంది. "మరెందుకలా చెప్పారు?"

"అడిగారమ్మా."

"అడిగితే?"

"నన్నెప్పుడూ ఎవరూ ఏమీ అడగరు."

ఆమె ఆయన వైపు చూసింది. కోపం ఉందేమోనని వెతికాడు. కనబడలేదు. ఏదో అర్థమైనట్టు, అర్థమైనా పనికిరానట్టు చూసింది.

"అది పనిచేసేదో లేదో నాకు తెలియదు" అంది. "కొండమీది ముసలాయన ఇచ్చింది, ఏం పనిచేస్తుంది? కానీ అది వస్తుంది, వస్తుంది అనుకుంటూ ఒక నెల గడిపాను. ఇప్పుడు ఏది వస్తుందనుకోవాలో తెలియడం లేదు."

బ్యాగు భుజాన సర్దుకుని వెళ్లిపోయింది. క్షమించమని అడగడానికి ఆయనకు వ్యవధి దొరకలేదు. దొరికినా అడిగేవాడు కాదేమో. అడిగితే ఆమె పర్వాలేదు అనవలసి వస్తుంది.

గది తాళం వేసి బయటికి వచ్చాడు. పొగమంచు దిగుతోంది. గేటు అవతల నవదీప్ భార్య కోసం ఆటో ఆపి నిలబడి ఉన్నాడు. ఆమె ఇంకా లోపలే ఎక్కడో ఆగినట్టుంది. దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"అంకుల్! మెల్లగా! మెట్లు జాగ్రత్త!"

సదాశివరావు కుడికాలు కాస్త ఈడ్చాడు. రెండో మెట్టు దగ్గర రెయిలింగు పట్టుకున్నాడు. గేటు దాటేటప్పుడు గార్డు, "క్యా హువా రావ్ సాబ్?" అన్నాడు. "ఘుట్‌నా" అని, మోకాలు తట్టి చూపించాడు. కుంటుతూనే ఫుట్‌పాత్ మీద బస్‌స్టాపు వైపు నడిచాడు. వెనక ఆటో స్టార్టయింది. ఆయనను దాటి వెళ్లింది. వెనక సీట్లో ఇద్దరి తలలు కనిపించాయి. వాటి మధ్య జానెడు చోటు ఉంది.

ఆటో మలుపు తిరిగింది. ఇక చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆయన కాలు సరిచేసుకోలేదు.